టామీ జాన్ అంటే ఆపరేషన్ కాదురా, మనిషి

బుజ్జులూ,

మొన్న వీడియో కాల్‌లో చిన్నోడు "టామీ జాన్ అంటే మోచేతి ఆపరేషన్ కదా తాతయ్యా" అన్నాడు. ఆపరేషనే, కానీ ముందు అది ఒక మనిషి పేరు. బేస్‌బాల్‌లో ఎడమచేతివాటం పిచ్చర్. పిచ్చర్ అంటే మన బౌలర్ లాంటివాడే గానీ పరుగెత్తుకుంటూ రాడు, మట్టిదిబ్బ మీద నిలబడి 60 అడుగుల అవతలికి మోచెయ్యి వంచి విసురుతాడు. ఇక్కడ మనం చకింగ్ అని నోబాల్ ఇచ్చేది అక్కడ ఉద్యోగం!

అలా విసిరినప్పుడల్లా మోచేతి లోపలివైపు ఎముకల్ని కలిపి పట్టి ఉంచే చిన్న లిగమెంటు మీద భారం పడుతుంది. 1974 జులైలో డాడ్జర్స్ అనే అమెరికా జట్టుకి ఆడుతూ ఉండగా టామీ జాన్‌కి అది తెగిపోయింది. అప్పటికి ఆ సీజన్‌లో 13 గెలిచి మూడే ఓడాడు (అక్కడ మ్యాచ్ గెలుపోటములు పిచ్చర్ పేరు మీద కూడా రాస్తారు). ఆ రోజుల్లో అది తెగిందంటే ఇక ఇంటికే. ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు ఆయన కుడి ముంజేతిలోంచి ఒక స్నాయువు (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) తీసి, ఎడమ మోచేతి ఎముకలకి బెజ్జాలు పెట్టి, నులకమంచం అల్లినట్టు అందులోంచి దూర్చి కట్టాడు. మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒక్క వంతే అని ముందే చెప్పాడట.

తర్వాత వేళ్లు వంకరపోతే ఇంకో ఆపరేషన్. 1975 మొత్తం ఆటే లేదు. 1976లో తిరిగొచ్చి, 46 ఏళ్లు వచ్చేదాకా, అంటే 1989 వరకు ఆడాడు. మొత్తం 288 గెలుపుల్లో 164 ఆ అతుకు చేత్తోనే. సీజన్‌కి 20 గానీ అంతకు మించి గానీ గెలిచింది మూడుసార్లు, మూడూ ఆపరేషన్ తర్వాతే. పైగా ఆయనదేమీ మెరుపు వేగం కాదు, బ్యాట్ దగ్గరికొచ్చేసరికి కిందికి దిగిపోయే సింకర్. నాకు నచ్చింది అదే. ఇంత ఆడినా గొప్ప ఆటగాళ్లకి గౌరవంగా ఇచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌కి మాత్రం ఓటేసేవాళ్లు ఎంపిక చేయలేదు, నాకైతే అన్యాయమే అనిపిస్తుంది.

చిన్నోడా, ఆ ఆపరేషన్ చేయించుకుంటే బంతి ఇంకా స్పీడుగా పోతుందని మీ ఫ్రెండ్స్ అంటున్నారన్నావు. పోదు. తెగినదాన్ని కట్టడమే అది, కోలుకోడానికే ఏడాది పైన పడుతుంది. నీ మోచెయ్యి నొప్పి సంగతి నాకు చెప్పి అమ్మకి చెప్పలేదు కదూ, ఈ ఉత్తరం ఆమెకీ చదివి వినిపించు.

డాక్టరు ముంజేతిలోంచి తీసిన ఆ స్నాయువు మీ చేతిలో చూడాలంటే బొటనవేలు, చిటికెనవేలు కలిపి మణికట్టు కాస్త వంచండి. మధ్యలో తాడులా లేచేది అదే. కొందరికి పుట్టుకతోనే ఉండదు, అయినా ఏ లోటూ తెలీదు. మీ అమ్మమ్మకి లేదు, నిన్న చూశాం.

మీ తాతయ్య