ఆడ వరుస, మగ వరుస

చిరంజీవులు శ్రావ్యకు, నానికి తాతయ్య ఆశీస్సులు.

ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని వరిచేను మీదుగా తాడు ఎందుకు లాగుతున్నారని అడిగారు. కరీంనగర్ దారిలో బస్సు కిటికీలోంచి మీరు చూసింది రెండు వరి రకాలను కలిపి హైబ్రిడ్ విత్తనం పండించే చేను. ఆడమగ వరి అంటాం. తాడు తగిలితే మగ వరుసల పుప్పొడి ఎగిరి ఆడ వరుసల మీద పడుతుంది. ఆడ కంకుల్లోనూ పుప్పొడి తిత్తులు ఉంటాయి, కానీ పుప్పొడి పండదు.

నేను 7వ తరగతి హాస్టల్లో ఉండి చదివాను. ఒక ముసురు రోజు వంటమనిషి పొయ్యిలో తడికట్టెలే పెట్టాల్సి వచ్చింది. వంటిల్లంతా పొగ. కళ్లు మండి ఆమె సగం వంటలోనే బయటికి వచ్చేసింది. పిల్లలమంతా మంచినీళ్లు తాగి పడుకున్నాం. అందుకే మీరు కంచంలో అన్నం వదిలేస్తే నా మనసు చివుక్కుమంటుంది.

వరి తిత్తి గోడకు లోపల ఒక పొర ఉంటుంది. పుప్పొడికి అన్నం పెట్టే వంటమనిషి అదే. కణంలో మైటోకాండ్రియా పొయ్యి. అది తల్లి నుంచే వస్తుంది. ఆడ వరుసల పొయ్యిలో డబ్ల్యూఏ352 అనే జన్యువు ఉంది. అదే తడికట్టె. ఆకులోనూ ఆ జన్యువు ఉంది, అయినా దాని ప్రోటీన్ అక్కడ పేరుకోదు, మొక్క పచ్చగానే ఉంటుంది. లేత తిత్తిలో, పుప్పొడి తయారీ మొదలయ్యే వేళకే పేరుకుని ఆ పొరను ముందుగానే చంపేస్తుంది. ఇంటినిండా కట్టెలున్నా పొగ ఒక్క గదిలో, ఒక్క పూటే! ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఆశ్చర్యమే.

మగ వరుస మొక్కలో ఆర్‌ఎఫ్4 అనే జన్యువు ఉంటుంది. అది ఆ తడికట్టెను చాలావరకు రాజుకోనివ్వదు. ఆడ వరుసల్లో పండే విత్తనానికి తండ్రి నుంచి అది అందుతుంది కాబట్టే, ఈ విత్తనం వేసిన రైతు చేనులో పుప్పొడి మామూలుగా పండి గింజ కడుతుంది.

1970లో చైనాలోని హైనాన్ దీవిలో వరి శాస్త్రవేత్త యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి దొరికిన ఒక్క అడవి వరి మొక్క నుంచి వచ్చింది, ఆడ వరుసల్లో పుప్పొడి పండని ఈ గుణం. 1994లో మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి విడుదలైన హైబ్రిడ్ వరి వంగడాల్లోనూ ఆ మొక్క వారసత్వం ఉంది.

ఈ ఆదివారం రండి, పూత అయిపోకముందే. పొద్దున పదిన్నరకు వరి పువ్వు విచ్చుకుంటుంది. మగ కంకిని మీ నల్ల గొడుగు మీద మెల్లగా తట్టండి, పసుపు దుమ్ము రాలుతుంది. తర్వాత ఆడ కంకిని తట్టండి. పాలిపోయి సన్నగా ఉన్న ఆ తిత్తులను దగ్గరగా చూడండి.

మీ తాతయ్య