పేటెంట్ ముగిసిందంటే ఏది ముగిసినట్టు?

ఒక మందుకు ఒకే పేటెంట్ ఉంటుందనీ, 20 ఏళ్లకు అది చెల్లిపోగానే ఎవరైనా తయారు చేసుకోవచ్చనీ చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక్కో మాత్ర చుట్టూ అరడజను పేటెంట్లు ఉండొచ్చు. రసాయన అణువుకు ఒకటి, దాని లవణ రూపానికి ఇంకొకటి, పై పూతకు, తయారీ పద్ధతికి, ఫలానా జబ్బుకు వాడటానికి మరికొన్ని. దేని గడువు దానిదే. దేశం మారితే తేదీలూ మారతాయి.

20 ఏళ్ల లెక్క దరఖాస్తు పెట్టిన రోజు నుంచే మొదలవుతుంది, మందు అమ్మకానికి వచ్చిన రోజు నుంచి కాదు. పరీక్షలకూ అనుమతులకూ పదేళ్లు పట్టడం మామూలే. అమెరికాలో 1984 నాటి హాచ్-వాక్స్‌మన్ చట్టం అలా పోయిన కాలంలో గరిష్ఠంగా 5 ఏళ్లు తిరిగి ఇస్తుంది.

గుండెమంటకు వాడే ఒమెప్రజోల్ సంగతి చూడండి. అణువుపై అమెరికా పేటెంట్ 2001లోనే ముగిసింది. అయినా జనరిక్ కంపెనీలకు, అంటే అదే మందును సొంతంగా తయారు చేసి అమ్మే ఇతర కంపెనీలకు, దారి తెరుచుకోలేదు. ఆమ్లం తగిలితే ఒమెప్రజోల్ విరిగిపోతుంది. అది కడుపు దాటి చిన్నపేగు చేరాలంటే ఆమ్లంలో కరగని పూత వేయాలి. ఆ పూతకే ఆమ్ల గుణం ఉంటుంది కాబట్టి నేరుగా వేస్తే నిల్వలోనే మందు పాడవుతుంది. విరుగుడుగా గుళికలో క్షార పదార్థం కలిపితే, లోపలికి చేరిన తేమతో కలిసి అది పూతను లోపలి నుంచే కరిగిస్తుంది. ఈ చిక్కు తీర్చడానికి లోపలి మందుకూ పై పూతకూ మధ్య నీటిలో కరిగే పలుచని పొర పెట్టారు. ఆ అమరికపై పేటెంట్ 2007 దాకా నడిచింది. 2002లో న్యూయార్క్ కోర్టు ముగ్గురు తయారీదారులు దాన్ని ఉల్లంఘించారని తేల్చింది. గుళికను వేరేలా తయారు చేసిన నాలుగో కంపెనీ మాత్రం గట్టెక్కి ఆ ఏడాది చివర్లోనే మార్కెట్లోకి వచ్చింది. ఆ పూత నిజమైన ఆవిష్కరణే. దానివల్ల పోటీ ఆలస్యమై రోగులపై భారం పడిందీ నిజమే.

అన్ని ఎత్తులూ ఇలా నిలబడవు. అలర్జీ మందు లోరాటడిన్ పేటెంట్ 2002లో ముగుస్తుంటే, అది శరీరంలో మారగా ఏర్పడే డెస్‌లోరాటడిన్‌పై మరో పేటెంట్ ఉందని కంపెనీ జనరిక్‌లను ఆపబోయింది. లోరాటడిన్ వేసుకున్నవాళ్ల ఒంట్లో అది ముందునుంచీ తయారవుతూనే ఉంది, అందులో కొత్తదనం లేదంటూ 2003లో అప్పీలు కోర్టు ఆ పేటెంట్ వాదాన్ని తోసిపుచ్చింది.

దారి తెరుచుకున్నాక జనరిక్ తయారీదారు ప్రయోగాలన్నీ మళ్లీ చేయనక్కర్లేదు. సాధారణంగా ఆరోగ్యవంతులైన వలంటీర్లకు అసలు మందు, కొంత విరామం తర్వాత తన మందు ఇచ్చి, రక్తంలో చేరిన గరిష్ఠ స్థాయినీ మొత్తం పరిమాణాన్నీ పోలుస్తాడు. అసలు మందుతో పోలిస్తే తన మందు ఎంత అనే నిష్పత్తికి లెక్కగట్టిన 90 శాతం విశ్వాస వ్యవధి (నిజమైన నిష్పత్తి ఉండొచ్చని గణాంకాలు చూపే పరిధి) మొత్తం 80–125 శాతం హద్దుల్లో ఉండాలి. మాత్రలో మందు 20 శాతం తగ్గినా ఫర్వాలేదని దీని అర్థం కాదు. వ్యవధి అంచులు కూడా హద్దు దాటకూడదు కాబట్టి సగటు తేడా చాలా తక్కువగా ఉంటేనే నెగ్గుతుంది.

పేటెంట్ పోయినా బ్రాండు పేరు కంపెనీదే. అదే పేరు కింద వేరే మందులు కలిపిన రకాలు కూడా అమ్ముతారు. అందుకే పెట్టె మీద పెద్దక్షరాలను వదిలేసి మందు పేరు, మిల్లీగ్రాములు, విడుదల తీరు చూడాలి. నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర బదులు అన్నే మిల్లీగ్రాముల మామూలు మాత్ర వేసుకుంటే మందంతా ఒక్కసారే రక్తంలోకి వెళ్తుంది.