అండానికి ‘శక్తి’ మాత్రలు: అపోహలు, వాస్తవాలు

పిల్లల కోసం చెన్నైలో చికిత్సకు వచ్చే నెల్లూరు, సూళ్ళూరుపేట, తిరుపతి దంపతుల సంచీల్లో ఈమధ్య ‘కణశక్తి పెంచే’ క్యాప్సూల్స్ డబ్బా మామూలైపోయింది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకూ సంతానానికీ సంబంధం ఉన్న మాట నిజమే. డబ్బా మీద రాసినంత మాత్రం కాదు.

అపోహ: ఎప్పుడూ నీరసంగా ఉంటే అండాల్లోనూ శక్తి లేనట్టే.

ఈ రెండింటికీ ముడి పెట్టకండి. నీరసం ఉంటే ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్ చూపించుకోవాలి. ఎక్కువగా కారణం అక్కడే దొరుకుతుంది, మందూ చవకే.

అపోహ: కోఎంజైమ్ క్యూ10 (ఈ క్యాప్సూల్స్‌లో ఉండే పదార్థం) వాడితే నలభైలో కూడా అండాలు పాతికేళ్ళ నాటిలా అవుతాయి.

ఒక్కో అండంలో మైటోకాండ్రియా డీఎన్‌ఏ కాపీలు లక్షకు పైగా ఉంటాయి. ఫలదీకరణ తర్వాత దాదాపు ఐదో రోజు దాకా పిండం కొత్త కాపీలు చేసుకోదు. తల్లి కట్టిచ్చిన చద్దిమూటతోనే అన్ని రోజులూ గడపాలి. క్రోమోజోములను రెండు వైపులకూ లాగే సన్నని పోగులు పనిచేయడానికీ ఆ శక్తే కావాలి. ఇంతవరకు ప్రచారంలో చెప్పేది సరైనదే.

చెప్పనిది ఇంకొకటుంది. క్రోమోజోములను జతగా పట్టి ఉంచే కొహీసిన్ అనే ప్రోటీన్, ఆ స్త్రీ ఇంకా తన తల్లి కడుపులో ఉన్నప్పుడే అమరుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. 35 దాటాక క్రోమోజోముల లెక్క తప్పిన పిండాలు, గర్భస్రావాలు పెరగడానికి ఇదొక పెద్ద కారణం. దాన్ని ఏ క్యాప్సూలూ బిగించలేదు.

అండాశయాల్లో అండాల నిల్వ తక్కువగా ఉన్న 35 ఏళ్ళలోపు స్త్రీల మీద చైనాలో జరిగి, 2018లో వెలువడిన ఒక పరీక్షలో ఐవీఎఫ్‌కు (ల్యాబ్‌లో ఫలదీకరణ చేసే చికిత్స) ముందు 60 రోజులు, రోజుకు మూడుసార్లు 200 మిల్లీగ్రాముల చొప్పున క్యూ10 ఇచ్చారు. అండాలు ఎక్కువ వచ్చాయి, మంచి పిండాలూ పెరిగాయి. కానీ బిడ్డ పుట్టడంలో మాత్రం గట్టిగా చెప్పగలిగే తేడా తేలలేదు. పైగా వాళ్ళు 35 లోపువాళ్ళు! నలభై దాటినవాళ్ళకు అమ్మడానికి అదే పరీక్షను చూపించడం మాకు సబబుగా అనిపించదు.

డాక్టర్ రాసిస్తే వాడుకోండి. ఇది కొవ్వులో కరిగే పదార్థం, ఖాళీ కడుపుతో వేసుకుంటే సరిగా ఒంటబట్టదు. భోజనం తర్వాతే వేసుకోవాలి. వార్ఫరిన్ వాడేవాళ్ళు డాక్టర్‌కు చెప్పకుండా మొదలుపెట్టకూడదు, రక్తం పలచన చేసే ఆ మందు ప్రభావం తగ్గవచ్చు. డబ్బా వెనక డీహెచ్ఈఏ అని ఉందేమో తప్పక చూడండి. అది విటమిన్ కాదు, హార్మోన్. పీసీఓఎస్ (అండాశయాల్లో నీటిబుడగలు, హార్మోన్ల తేడా) ఉన్నవాళ్ళకు మొటిమలు, అవాంఛిత రోమాలు పెరుగుతాయి. గర్భం వచ్చాక అసలు వాడకూడదు.

అపోహ: ఏఎంహెచ్ (అండాల నిల్వ చూపే రక్తపరీక్ష) బాగుంది, కాబట్టి అండాలూ బాగున్నాయి.

ఏఎంహెచ్ చెప్పేది సంఖ్య సంగతి. నాణ్యత గురించి వయసే ఎక్కువ చెబుతుంది.

అపోహ: మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది, కాబట్టి భర్తకు పరీక్షలు అక్కర్లేదు.

మొదటి సగం నిజం. శుక్రకణం వెంట వచ్చిన మైటోకాండ్రియాను అండం నాశనం చేసేస్తుంది. కానీ ఆ శుక్రకణం అండం దాకా ఈదుకుంటూ రావాలి కదా! దాని మెడ కింద చుట్టుకుని ఉన్న కొన్ని పదుల మైటోకాండ్రియాకు ఆ కదలికలో వాటా ఉంది. పొగ, గుట్కా, వృషణాలకు తగిలే వేడి, వెరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం) దాన్ని దెబ్బతీస్తాయి. జిమ్‌లో కండల కోసం వేయించుకునే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు మరీ ప్రమాదం. బయటి నుంచి హార్మోన్ అందితే మెదడు తన సంకేతాలు ఆపేస్తుంది, శుక్రకణాలు సున్నాకు కూడా పడిపోవచ్చు.

శుక్రకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అలవాటు మానిన రెండో వారానికే వీర్యపరీక్ష చేయించి ‘ఏం మారలేదు’ అనుకోవద్దు, మూడు నెలలు ఆగండి. పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు కలయికకు దూరంగా ఉండాలి, శాంపిల్ గంటలోపు ల్యాబ్‌కు చేరాలి. తాంబరంలో తీసి అన్నానగర్ ల్యాబ్‌కు ట్రాఫిక్‌లో పట్టుకొస్తే కదలిక తక్కువగా కనిపించడం వింత కాదు, ల్యాబ్‌లోనే ఇవ్వడం మేలు. శాంపిల్ తీయడానికి మామూలు కండోమ్, జెల్ వాడకూడదు. మొదటి చుక్కలు కింద పడిపోతే దాచకుండా చెప్పండి, కణాలు ఎక్కువగా ఉండేది అందులోనే.

అపోహ: గర్భిణి ఇద్దరి తిండి తినాలి, అప్పుడే బిడ్డకు శక్తి.

మన దేశపు పోషకాహార ప్రమాణాల ప్రకారం గర్భంలో అదనంగా కావలసింది రోజుకు సుమారు 350 కేలరీలు. ఇంకో పూట భోజనం కాదు, ఓ గ్లాసు పాలు, గుడ్డు, గుప్పెడు వేరుశనగలతో సరిపోతుంది. కణం శక్తి తయారు చేసుకోవాలంటే ఆక్సిజన్ కావాలి, ఆక్సిజన్‌ను మోయాలంటే హిమోగ్లోబిన్ కావాలి. గర్భిణికి అది 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతే. రోజూ ఐరన్ మాత్ర మింగి వెంటనే ఫిల్టర్ కాఫీ తాగితే సగం వృథా. గంటో రెండు గంటలో ఎడం పెట్టండి, కాల్షియం మాత్రకూ అంతే. నిమ్మరసంతో అయితే ఐరన్ ఇంకా బాగా పడుతుంది.

షుగర్ పరీక్షకు మొదటి చెకప్‌లో ఒకసారి, 24-28 వారాల మధ్య మరోసారి, తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజ్‌ను 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి ఇస్తారు. ఐదు పది నిమిషాల్లో తాగి, రెండు గంటలకు రక్తం ఇవ్వాలి. 140 లేదా ఆ పైన వస్తే గర్భధారణ మధుమేహమే. తాగిన అరగంటలోపు వాంతి అయితే ఆ పరీక్ష లెక్కలోకి రాదు, మరునాడు మళ్ళీ చేయించుకోవాలి.