పాత జీపు వేడెక్కితే వాల్వు పీకేయాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో పాత జీపుల పని చేస్తున్న నాకు ఎండలు ముదిరిన ప్రతిసారీ ఒకే ఫిర్యాదు ఎదురవుతుంది. "థర్మోస్టాట్ వాల్వు కూడా తీయించేశాం మేస్త్రి గారూ, అయినా ఇంజను వేడి చూపే ముల్లు దిగడం లేదు" అని యజమాని వాపోతాడు. తీయించినందువల్లే దిగడం లేదంటే ఒక పట్టాన నమ్మడు.

అపోహ: వాల్వు చలి దేశాలకు పెట్టింది, మన ఎండలకు అక్కర్లేదు.

వాస్తవం: వాల్వులోని మైనం సుమారు 82 డిగ్రీల దగ్గర కరిగి, ఉబ్బి, రేడియేటర్‌కు దారి తెరుస్తుంది. చాలా పాత డీజిల్ ఇంజన్లలో దానికి రెండో పని కూడా ఉంది: ఆ దారి తెరుచుకుంటున్నకొద్దీ వాల్వు కింది పళ్లెం బైపాస్ (అడ్డదారి) రంధ్రాన్ని మూసేస్తుంది. వాల్వు పీకేస్తే ఆ రంధ్రం ఎప్పటికీ తెరిచే ఉంటుంది కాబట్టి, హెడ్‌లో, అంటే ఇంజను పైభాగంలో, కాగిన నీటిలో కొంత భాగం రేడియేటర్ ముఖమే చూడకుండా పంపు గుండా తిరిగి ఇంజనులోకే చేరుతుంది. మామూలు రోడ్డు మీద ముల్లు నిదానంగా లేస్తుంది కనుక వైద్యం ఫలించిందనే అనిపిస్తుంది. ట్రాలీ తగిలించినప్పుడో, ఘాట్ ఎక్కినప్పుడో అసలు సంగతి బయటపడుతుంది. వాల్వు లేకపోతే నీరు మరీ వేగంగా తిరిగి చల్లబడే వ్యవధి దొరకదని కొందరు మెకానిక్‌లు చెప్పే కారణం కూడా తప్పే. నీటి వేగం వల్ల నష్టం లేదు, నీరు దారి మళ్లడమే నష్టం.

గుంటూరు నుంచి వచ్చిన ఒక మిర్చి రైతు గారి జీపు, కుటుంబంతో కోటప్పకొండ ఎక్కుతుండగా ఆవిర్లు కక్కి ఆగిపోయింది. నా దగ్గరికి వచ్చేసరికి హెడ్ కింద ఉండే ప్యాకింగ్ కాలి, హెడ్ వంకరపోయి, దాన్ని చదును చేసే ఫేసింగ్‌కు పంపవలసి వచ్చింది. తీయించిన వాల్వు గుడ్డలో చుట్టి డ్యాష్‌బోర్డు అరలోనే ఉంది. దాన్ని టీ గిన్నెలోని నీళ్లలోకి దారంతో వేలాడదీసి స్టవ్ వెలిగిస్తే, నీళ్లు మరగకముందే చక్కగా తెరుచుకుంది. ఆయన చాలాసేపు ఆ గిన్నెనే చూస్తూ నిలబడ్డారు. మొదటి నుంచీ ఉన్న లోపం జారుతున్న ఫ్యాన్ బెల్టు.

మిగిలిన అపోహలు చిన్నవి. బోరు నీళ్లు పోస్తే చాలనుకోవడం తప్పు, లోపల సున్నం పేరుకుంటుంది. నీరు కలపని కూలెంటూ మేలు కాదు, విడిగా అది నీటికన్నా తక్కువ వేడిని మోస్తుంది. సగం కూలెంటు, సగం శుద్ధ జలం సరిపోతుంది. ఇంజను వేడిగా ఉండగా రేడియేటర్ మూత తెరిస్తే ఒత్తిడి పడిపోయి, లోపలి నీరు ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

ముల్లు కాస్త కదిలినంత మాత్రాన భయపడనక్కర్లేదు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో లేచి, బండి సాగగానే దిగితే గాలి లోపం. ఫ్యాన్, బెల్టు, ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు (ష్రౌడ్) చూపించండి. గుంటూరు హైవే మీద వేగంలో లేస్తే చాలాసార్లు రేడియేటర్ కోరులో, అంటే లోపలి సన్నని గొట్టాల్లో, పూడికో, పంపులో లోపమో ఉంటుంది. పూర్తిగా చల్లారిన ఇంజనును రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు బుడగలు ఆగకుండా వస్తుంటే అది హెడ్ ప్యాకింగ్ కాలిన గుర్తు. ఆ బండిని నడపకుండా, లాగించుకుని రండి.