బంతి మీద కాలు పెట్టి ఆగినవాడు

చిరంజీవులు మన కాలనీ ఫుట్‌బాల్ పిల్లలందరికీ,

మీ పీఈటీ తాత ఆశీస్సులు.

మొన్న మెట్ల మీద కూర్చుని మీరు పడ్డ గొడవ మూడో అంతస్తు దాకా వినబడింది. మీలో ఒకడికి ఏదో అకాడమీ సెలెక్షన్స్‌లో చోటు రాలేదు. వాడి కాలికి బంతి అందిందంటే లాక్కోవడం మన గ్రౌండ్‌లో ఎవరి వల్లా కాదు, అది నాకూ తెలుసు. కానీ అక్కడ బంతి బయటికి తీయకముందే బీప్ టెస్ట్ పెట్టారట. ఇరవై మీటర్లు అటూ ఇటూ పరుగు, పోనుపోను వేగం పెంపు. వాడు సగంలోనే చేతులెత్తేశాడు. "బంతి ముట్టుకోనివ్వకుండానే పంపించేశారు" అని వాడి ఏడుపు. "ఇప్పుడు ఫుట్‌బాల్ అంటే పరుగే కదరా, ఆట ఎవడికి కావాలి?" అని మీలో పెద్దవాడి తీర్పు.

కిందికి దిగి వచ్చి మాట్లాడేవాణ్ణే, మోకాళ్లు ఒప్పుకోలేదు. పైగా నోటితో చెబితే రెండో మాటకే మీరు అడ్డు తగులుతారు. అందుకని ఈ ఉత్తరం.

పెద్దవాడి మాటలో సగం నిజముంది. ఆ సగమేదో తెలియాలంటే మీరు పుట్టకముందు ఆడిన ఒక మనిషిని చూడాలి. పేరు హువాన్ రోమన్ రికెల్మే. అర్జెంటీనావాడు, అక్కడి బోకా జూనియర్స్ క్లబ్‌లో పదో నంబరు ఆటగాడు. 2000 నవంబరులో టోక్యోలో బోకా, రియల్ మాడ్రిడ్‌ను 2-1తో ఓడించిన మ్యాచ్ ఫోన్‌లో దొరుకుతుంది, వెతకండి. బోకా గోల్స్ రెండూ పలెర్మో కొట్టాడు, అయినా మీరు రికెల్మే మీంచి కళ్లు తీయకండి. బంతి వస్తుంది. అతను పరుగెత్తడు. ఎదుటివాడికి వీపు అప్పగించి, అరికాలు బంతి మీద పెట్టి నిలబడతాడు. వెనక నుంచి ఒకడు కుడి పక్కగా కాలు చాపితే బంతి ఎడమకి జానెడు జరుగుతుంది. వాడు ఎడమకి వస్తే మళ్లీ కుడికి. చెయ్యి ఒకటి వెనక్కి చాపి వాడెక్కడున్నాడో చూసుకుంటుంటాడు, కరెంటు పోయినప్పుడు మనం గోడ తడుముకున్నట్టు. మొదటివాడి వల్ల కాక ఇంకొకడు సాయానికొస్తాడు. ఆ రెండోవాడు వదిలి వచ్చిన ఖాళీ ఉంది చూడండి, పాస్ అప్పుడు వెళుతుంది అందులోకి.

చూసేవాళ్లకి బద్ధకంలా కనిపిస్తుంది. కానీ ఆ రెండు మూడు సెకన్లు అతను ఆగాడు కాబట్టే తక్కినవాళ్లు కదిలారు. ఎదుటి జట్టు తన చోటు తానే ఖాళీ చేసుకుని వచ్చింది. స్పానిష్ మాట్లాడే దేశాల్లో దీనికి 'పౌసా', అంటే కాసేపు ఆగడం, అని ఒక పేరే ఉంది.

ఆ రికెల్మే 2002లో బార్సిలోనాకి వెళ్లాడు. బంతి నీ కాళ్ల దగ్గరుంటే నీ అంతటివాడు లేడు, లేనప్పుడు మాత్రం మనం ఒక మనిషి తక్కువతో ఆడుతున్నట్టే ఉంటుంది అని అక్కడి కోచ్ లూయీ వాన్ హాల్ తనతో అన్నాడని తర్వాత రికెల్మేనే చెప్పుకున్నాడు. మెట్ల మీద మీరు పడ్డ గొడవంతా ఆ ఒక్క మాటలో ఉంది. అక్కణ్ణుంచి విల్లారియల్ అనే చిన్న ఊరి జట్టుకి పోయి, దాన్ని 2006లో ఐరోపా క్లబ్బుల పెద్ద టోర్నీ చాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ దాకా లాక్కెళ్లాడు. ఆఖరి నిమిషాల్లో పెనాల్టీ వస్తే గోలీ ఆపేశాడు పాపం. అలా నిలబడి ఆడేవాడి చుట్టూ జట్టు కట్టే ధైర్యం ఆ తర్వాత ఐరోపాలో పెద్ద క్లబ్బులకు ఉన్నట్టు నాకు కనబడలేదు.

కండలొచ్చి నైపుణ్యాన్ని తొక్కేశాయని పెద్దవాళ్లు కూడా అంటుంటారు. నాకైతే అలా తోచదు. తగ్గింది నైపుణ్యం కాదు, వ్యవధి. బంతి కాలికి చేరడానికీ, ఎదుటివాడు మీద పడడానికీ మధ్య ఉండే ఆ కాస్త సమయాన్ని నలభై ఏళ్లుగా కొందరు పనిగట్టుకుని కొరుక్కుతింటూ వచ్చారు. వాళ్లలో కండలవీరులెవరూ లేరు. లెక్కల మనుషులు.

ఒకాయన అరిగో సాకీ, ఇటలీవాడు. పెద్ద ఆటగాడేం కాదు, వాళ్ల నాన్న చెప్పుల ఫ్యాక్టరీ తరఫున బూట్లు అమ్మినవాడు. 1987లో ఏసీ మిలాన్‌కి కోచ్ అయ్యాడు. జట్టులో రూడ్ గుల్లిట్, మార్కో వాన్ బాస్టెన్ లాంటి మహామహులు. వాళ్లకి నమ్మకం కుదరడానికి ఒక పందెం పెట్టాడు. ఒక పక్క గోలీ, నలుగురు డిఫెండర్లు, మొత్తం ఐదుగురు. ఇంకో పక్క గుల్లిట్, వాన్ బాస్టెన్‌తో కలిపి పదిమంది. టైము పావుగంట. పదిమంది ఒక్క గోల్ కొడితే చాలు. బంతి పోగొట్టుకుంటే మాత్రం తమ సగంలోకి పది మీటర్లు వెనక్కెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి. ఎన్నిసార్లు ఆడించినా గోల్ పడలేదట. ఆ నలుగురూ ఒకే తాడుకి కట్టినట్టు జరిగేవారు. ఒకడు ముందుకెళితే మిగతా ముగ్గురూ ఆ ఖాళీ వైపు. పదిమందికీ నైపుణ్యం ఉంది, దాన్ని వాడుకునే చోటే లేదు. సాకీ మిలాన్ 1989లో, 1990లో వరసగా యూరోపియన్ కప్, అంటే ఇప్పటి చాంపియన్స్ లీగ్, గెలిచింది.

ఇంకొకాయన జర్మనీలో రాల్ఫ్ రంగ్‌నిక్. 1980ల మొదట్లో ఆయన జట్టు ఒక చిన్న ఊరి జట్టు. అది లొబనోవ్‌స్కీ కోచ్‌గా ఉన్న సోవియట్ పెద్ద జట్టు డైనమో కీవ్‌తో ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడింది. ఎటు తిరిగినా ఎదుటివాళ్లే. బంతి బయటికి పోయినప్పుడు ఆగి వాళ్లను లెక్కపెట్టుకున్నాడట, పదకొండుమందేనా, ఎక్కువమంది దిగారా అని. పదకొండుమందే! మనవాడు బంతి పోగొట్టుకున్న క్షణమే తిరిగి లాక్కోవాలన్న ఆటను ఆయనా, ఆయన దారిలో నడిచినవాళ్లూ జర్మనీ అంతా పాకించారు. బంతి లాక్కోవడానికి ఎనిమిది సెకన్లు, లాక్కున్నాక గోల్ వైపు కొట్టడానికి పది సెకన్లు అని ఆయన గడువులు పెట్టేవాడు. రికెల్మే ఆగడానికి ఇందులో చోటెక్కడిది?

రూల్సు కూడా ఒక చెయ్యి వేశాయి. 1990 ప్రపంచ కప్ చూసి నాకు ఆవలింతలొచ్చాయి. మ్యాచ్‌కి సగటున 2.21 గోల్స్, ఇప్పటిదాకా ఏ ప్రపంచ కప్‌లోనూ అంత తక్కువ లేవు. ఒక గోల్ ఆధిక్యం వస్తే చాలు, డిఫెండర్ గోలీకి పాస్ ఇచ్చేవాడు, గోలీ చేత్తో పట్టుకునేవాడు, కాసేపు నేలకి కొట్టుకుని మళ్లీ అదే డిఫెండర్‌కి దొర్లించేవాడు, వాడు మళ్లీ వెనక్కి. అందుకని 1992లో రూలు మార్చారు. మనవాడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని గోలీ చేత్తో ముట్టుకోకూడదు. ఆట చురుగ్గా సాగాలని చేసిన పని. కానీ దాంతో వెంటబడేవాళ్లకి వెంటబడిన ఫలితం దక్కడం మొదలైంది. అంతకుముందు ఎంత తరిమినా ఆఖరికి బంతి గోలీ చేతుల్లోకి పోయేది. ఇక తరిమితే తప్పు జరగాల్సిందే. 2020లో కోవిడ్ రోజుల్లో మ్యాచ్‌కి ఐదుగురిని మార్చుకోవచ్చన్నారు, 2022లో దాన్నే ఖాయం చేశారు. గోలీని పక్కన పెడితే మైదానంలో ఉండేది పదిమంది. అందులో సగం మందిని కొత్త ఊపిరితో దింపొచ్చన్నమాట. పాతరోజుల్లో డెబ్బయ్యో నిమిషానికి అందరూ అలిసిపోయేవాళ్లు, నైపుణ్యం ఉన్నవాడి రాజ్యం అప్పుడు మొదలయ్యేది. ఆ ఇరవై నిమిషాలూ పోయాయి.

ఒక్క లెక్క చెప్పి ఊరుకుంటాను. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 2006-07 నుంచి 2012-13 దాకా ఏడు సీజన్లను కొలిచిన అధ్యయనం ఒకటుంది. ఒక ఆటగాడు మ్యాచ్‌లో పరిగెత్తే మొత్తం దూరం దాదాపు మారలేదు, 2 శాతం పెరిగిందంతే. దౌడు తీసిన సార్లు మాత్రం సగటున 31 నుంచి 57కి చేరాయి. పెద్దవాడా, ఇక్కడిదాకా నీదే గెలుపు. అయితే అదే ఏడేళ్లలో ఒక్కొక్కడు ఇచ్చే పాసులు కూడా 25 నుంచి 35కి పెరిగాయి, గురి తప్పకుండా చేరేవీ పెరిగాయి. నైపుణ్యం చచ్చిపోతే ఈ పాసులెవరు ఇచ్చినట్టు?

2025 చాంపియన్స్ లీగ్ ఫైనల్ మీరంతా చూశారుగా, మర్నాడంతా కునికిపాట్లు పడ్డారని మీ అమ్మలు చెప్పారు. పారిస్ జట్టు 5-0తో ఇంటర్ మిలాన్‌ను చితక్కొట్టింది. ఆ రోజు ఇంటర్ గోలీ గోల్ కిక్ తీసుకోబోతుంటే పెనాల్టీ బాక్స్ అంచున పారిస్ ఆటగాడు ఉస్మాన్ డెంబెలే ఎలా నిలబడ్డాడో గుర్తుందా? నడుం వంచి, గోలీ కళ్లలోకి చూస్తూ, ఉడతని చూసిన పిల్లిలా. రెండు కాళ్లతోనూ సమానంగా డ్రిబ్లింగ్ చేయగల మనిషి అతను. ఆ విద్య ఎప్పణ్ణుంచో ఉంది. ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ మాత్రం పరుగు కూడా కలిశాకే చేతికొచ్చింది. వెనక బంతి నడిపిన వితీన్యా, జొవావ్ నెవెస్ ఇద్దరూ పొట్టివాళ్లే. వాళ్ల మొదటి టచ్ చూస్తే రికెల్మే కూడా లేచి నిలబడతాడు. కాకపోతే వాళ్లకి ఆగే తీరిక లేదు, బంతి రాకముందే మెడ తిప్పి నాలుగు దిక్కులూ చూసి పెట్టుకుంటారు.

"మరి మెస్సీ నడుస్తాడుగా" అంటారు మీరు. నడుస్తాడు. 2022లో ప్రపంచ కప్ గెలిచినప్పుడూ నడిచాడు, అప్పటికి 35 ఏళ్లు. అతని వాటా పరుగు తోటి ఆటగాళ్లు డి పాల్, మెక్ అలిస్టర్, ఎంజో పరిగెత్తారు. ఒకడు నడవాలంటే ముగ్గురు ఆయాసపడాలి, ఆ నడిచేవాడు మెస్సీ అయి ఉండాలి.

ఇక మనవాడి సంగతి. నిన్ను పంపించేసినవాళ్ల మీద నాకు కోపమే. దౌడుకి మీటర్లున్నాయి, సెకన్లున్నాయి, కాగితం మీద రాసి పైవాళ్లకి చూపించొచ్చు. పెద్ద ఆటగాళ్లు జెర్సీ కింద తొడుక్కునే నల్ల బనీన్లలో ఉండేది కూడా ఆ కొలిచే యంత్రమే. ఆగడాన్ని కొలిచే యంత్రం ఇంకా రాలేదు. అందుకని కొలవగలిగినదాన్నే ఎంచుకుంటారు. పదమూడేళ్ల వయసులో బీప్ టెస్ట్ చెప్పేది సగం నీ ఆట గురించి కాదు, నీకు ఎదుగుదల ఎప్పుడొచ్చింది అన్నదాని గురించి. జనవరి 1తో వయసు లెక్కకట్టే దేశాల అకాడమీల్లో జనవరి, ఫిబ్రవరి, మార్చిలో పుట్టిన పిల్లలు కుప్పలుగా ఉంటారు, డిసెంబరు పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. దేవుడు డిసెంబర్లో ఫుట్‌బాల్ పంచడం మానేశాడా?

ఫ్రాన్స్‌లో ఒక పిల్లవాణ్ణి మరీ చిన్నగా ఉన్నాడని ఒకదాని తర్వాత ఒకటి క్లబ్బులన్నీ వద్దన్నాయి. వాడు పద్నాలుగేళ్లకి సరిహద్దు దాటి స్పెయిన్‌లో రియల్ సోసిడాడ్‌లో చేరాడు. పేరు అంత్వాన్ గ్రీజ్‌మన్. 2018లో అదే ఫ్రాన్స్‌కి ప్రపంచ కప్ ఫైనల్లో గోల్ కొట్టాడు. తర్వాత ఇంగ్లండ్ కెప్టెన్ అయిన హ్యారీ కేన్‌ను ఎనిమిదేళ్లప్పుడు ఆర్సెనల్ క్లబ్ పంపించేసింది. కాస్త బొద్దుగా ఉండేవాడు, చురుకు లేదు అన్నారు.

అలాగని నిన్ను వెనకేసుకొస్తున్నాననుకోకు. నువ్వు పరుగుకి బద్ధకిస్తావు. బంతి పోయిందంటే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతావు, నేను పైనుంచి చూస్తూనే ఉంటాను. ఊపిరి, కాళ్లలో బలం రెండేళ్లు ఆలస్యంగా వచ్చినా ఏం కాదు, తెచ్చుకోవచ్చు. నలభై ఏళ్లు పిల్లల్ని ఆడించినవాణ్ణి, నేను చూసినంతలో చిన్నప్పుడు పట్టుబడని టచ్ పెద్దయ్యాక తెచ్చుకున్నవాడు లేడు. అది నీకు ముందే ఉంది.

మన హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక బడిపంతులు ఉండేవారు. రహీం సాబ్ అనేవాళ్లం. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. నేను ఆట నేర్చుకునే వేళకి ఆయన పోయారు, మా కోచ్ నోట విన్నాను. డ్రిబ్లింగ్ చేయకూడని టోర్నమెంట్లు పెట్టేవారట, వాటం లేని కాలితోనే ఆడాల్సిన టోర్నమెంట్లు పెట్టేవారట. బంతి వచ్చేలోపే ఎక్కడికి పంపాలో తేల్చుకోవడం అప్పుడు వస్తుంది. వితీన్యా ఇప్పుడు చేస్తున్నది అదే.

ఈ ఆదివారం పొద్దున ఆరింటికి గ్రౌండ్‌కి రండి, మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను. కుడికాలి వాటంవాళ్లు ఎడమకాలితో, ఎడమవాళ్లు కుడితో. రెండు టచ్‌లు, మూడోది తగిలితే బంతి అవతలివాళ్లకి. బంతి పోగొట్టుకున్నవాడే తిరిగి తెచ్చుకోవాలి, నడుం మీద చెయ్యి కనిపిస్తే గ్రౌండ్ చుట్టూ ఒక రౌండ్. బీప్ టెస్ట్ ఉంది, కానీ ఆఖర్న. మనవాడు రానంటే ఎత్తుకురండి. బంతి నా దగ్గరుంది, పంపుకి పెట్టే సూది కనబడడం లేదు, అదొక్కటి ఎవరైనా తెండి.

ఇట్లు,
మీ పీఈటీ తాత