అచ్చిరాని కుర్చీ, వెచ్చని మూల

"డైనింగ్ టేబుల్ చుట్టూ ఎన్ని కుర్చీలున్నా అందరూ గోడమూల కుర్చీకే ఎందుకు ఎగబడతారు?" అని ఒక పాఠకురాలు అడిగారు. మా ఇంట్లోనూ అదే తంతు. కిటికీ పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీ. కూర్చుంటే వెన్ను జలదరిస్తుందట, "అది మనకు అచ్చిరాలేదు" అని ఇంట్లోవాళ్లు తేల్చేశారు. చలి రాత్రి థర్మామీటరు పెట్టి చూశాను. రెండుచోట్లా గాలి 20 డిగ్రీలే. ఇక దయ్యం తప్ప మరో కారణం లేదన్నట్టుంది వ్యవహారం.

దయ్యం కాదు గానీ, కంటికి కనబడనిదే. మనిషి ఒంటినుంచి పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాలు నిరంతరం వెలువడుతుంటాయి. ఎంత వెలువడతాయో లెక్కగట్టే సూత్రాన్ని భౌతిక శాస్త్రవేత్త యోసెఫ్ స్టెఫాన్ 1879లో ప్రయోగాల ఆధారంగా ఇచ్చాడు. 1884లో బోల్ట్‌జ్‌మన్ దానికి సిద్ధాంతబలం చేకూర్చాడు. ఇలా వెలువడే వికిరణం పరమ ఉష్ణోగ్రత (కెల్విన్లలో కొలిచేది) నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. మన బట్టల పైభాగం 30 డిగ్రీలు, అంటే 303 కెల్విన్లు అనుకుందాం. చదరపు మీటరుకు 478 వాట్లు. కూర్చున్న మనిషిలో గదివైపు తెరుచుకుని ఉండే ఉపరితలం సుమారు 1.25 చదరపు మీటర్లు (చంకలు, తొడల లోపలివైపు ఒకదాన్నొకటి చూసుకుంటుంటాయి కాబట్టి లెక్కలోకి రావు). ఉద్గారత (ఆదర్శ ఉపరితలంతో పోలిస్తే ఎంత వంతు వెలువరిస్తుందో చెప్పే సంఖ్య) 0.95 వేసుకుంటే మొత్తం దాదాపు 570 వాట్లు.

ఇక్కడే నాకు మతిపోతుంది. రోజుకు రెండువేల కేలరీలు తినే మనిషి సంపాదన 100 వాట్లు. ఖర్చు 570! దివాలా ఎందుకు తీయడం లేదు? గోడలు తిరిగిస్తున్నాయి కాబట్టి. 20 డిగ్రీల గోడలు మన మీదికి దాదాపు 500 వాట్లు పంపుతాయి. అంటే ఇదంతా చేబదులు వ్యవహారం. మనం గోడకిస్తాం, గోడ మనకిస్తుంది, నికరంగా పోయేది 70 వాట్లే. ఇప్పుడు కిటికీ పక్కకు వెళ్దాం. అద్దం 12 డిగ్రీలుంది. మన చుట్టుపక్కల సగం దాకా అద్దమే పరుచుకుని ఉంటే తిరిగొచ్చే బాకీలో 25 వాట్లకు పైగా కోత. సంపాదనలో పావు వంతు! గాలి 20 డిగ్రీలున్నా, చేబదులు తీసుకున్నవాడు ఎగ్గొడుతున్నాడు.

గాలి నెమ్మదిగా ఉన్న గదిలో ఒంటికి తెలిసే ఉష్ణోగ్రత గాలిదీ కాదు, గోడలదీ కాదు, ఇంచుమించు రెంటి సగటు. బడిలో దీన్ని చెప్పం. వహనానికి స్టీలు గరిటె, సంవహనానికి మరిగే నీళ్లు చూపించి, వికిరణానికి వచ్చేసరికి సూర్యుడి వైపు వేలు చూపి చేతులు దులుపుకుంటాం. దాంతో వికిరణమంటే 15 కోట్ల కిలోమీటర్ల అవతలి సంగతని పిల్లలు అనుకుంటారు. వాళ్ల వీపు వెనకాలే జరుగుతోందని ఎవరూ చెప్పరు.

మూలలో కూర్చుంటే రెండువైపులా లోపలి గోడలు. వెనక ఎత్తు వీపున్న బెంచీ, దానికో దిండు. దూది, చెక్క వేడిని లోపలికి లాక్కోవు కాబట్టి వాటి పైపొర ఇట్టే వేడెక్కి, మనమిచ్చింది మనకే తిప్పికొడుతుంది. లేచిన వెంటనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు గురిపెడితే దిండు 31 చూపించింది. (పక్కనున్న స్టీలు గిన్నెకు మాత్రం గురిపెట్టకండి. అది తన వేడిని దాచుకుని ఎదుటివాటి ప్రతిబింబాన్ని చూపిస్తుంది.) బల్ల చిన్నదైతే ఇంకో లాభం: ఎదుటివాళ్లు మన కళ్లముందు ఎక్కువ మేర ఆక్రమిస్తారు, వాళ్లూ 30 డిగ్రీల గోడలే. నలుగురు దగ్గరగా కూర్చుంటే వెచ్చగా ఉంటుందనేది వట్టి కవిత్వం కాదు.

వీపుకు ఆసరా, ముందు చూపు ఉన్నచోట మనసు కుదుటపడుతుందని భూగోళ శాస్త్రవేత్త జే ఆపిల్టన్ 1975లో ప్రతిపాదించాడు. అందమైన ఆలోచనే. కానీ పరీక్షించడం కష్టం. నాకు వాట్ల లెక్కే సుఖం.

ఎండ కాసే రోజుల్లో లెక్క తిరగబడుతుంది. గదుల్లో ఒంటి హాయికి కొలతలు చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 7730 ప్రకారం పక్కగోడ వైపు నుంచి వచ్చే వేడి వికిరణంలో ఎదుటివైపుతో పోలిస్తే 23 డిగ్రీల తేడా వరకు ఓర్చుకోగలం, పైకప్పు నుంచైతే 5 డిగ్రీలకే చిరాకు మొదలు. ఎండకు కాలిన స్లాబు కింద డైనింగ్ మూల పెట్టి, ఫ్యానెంత తిప్పినా ఏం లాభం? ఫ్యాను గాలిని కదుపుతుంది, కిరణాలను కాదు. ఆ మూల వరకైనా ఫాల్స్ సీలింగ్ వేయించాలి.

వంటగట్టు పక్కనే డైనింగ్ టేబుల్ ఉంటే పొయ్యిదీ అదే తీరు. కిరణాలు తిన్నగా వస్తాయి కాబట్టి తిన్నగా అడ్డం పెడితే చాలు. వంటగట్టు సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, కూర్చున్న మనిషి కళ్లు 120 దగ్గర. మధ్యలో 115 సెంటీమీటర్ల గోడ లేపితే మంట ఛాతీకి కనబడదు, నిలబడి వండేవాళ్ల ముఖం మాత్రం కనబడుతుంది. అంతకు మించి లేపితే వండేవాళ్లు ఒంటరైపోతారు.