ఆరో వేలు: ఉపముఖ్యమంత్రి పదవి వెనుక కథ

ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌తో పాటు లోకేశ్‌ను కూడా ఉపముఖ్యమంత్రిని చేయాలని 2025 జనవరిలో కొందరు తెలుగుదేశం నాయకులు కోరగానే జనసేన శ్రేణులు నొచ్చుకున్నాయి. ఆ మాట ఇక ఎత్తవద్దని తెలుగుదేశం నాయకత్వం తన వారిని కట్టడి చేయాల్సి వచ్చింది. ఒక్క పదవికి ఇంత పట్టింపు ఎందుకు?

చట్టాన్ని అడిగితే జవాబు దొరకదు. రాజ్యాంగంలోని 164వ అధికరణం ముఖ్యమంత్రినీ మంత్రులనూ మాత్రమే ఎరుగును. 1989 డిసెంబరులో కేంద్ర మంత్రిగా ప్రమాణం చేయిస్తూ రాష్ట్రపతి వెంకట్రామన్ ‘మంత్రి’ అని చదివిస్తుంటే హర్యానా నేత దేవీలాల్ ‘ఉపప్రధాని’ అని పలికారు. ప్రమాణం చెల్లుతుందన్న సుప్రీంకోర్టు, ఆయన మిగతా మంత్రుల వంటి మంత్రేనని తేల్చింది. ఉపముఖ్యమంత్రుల నియామకంపై వేసిన పిటిషన్‌ను 2024 ఫిబ్రవరిలో కొట్టివేసింది కూడా ఈ తర్కంతోనే.

అసలు జవాబు 1956లో ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరి 20న ఢిల్లీలోని హైదరాబాద్ హౌస్‌లో ఆంధ్ర నాయకులు నలుగురు, తెలంగాణ నాయకులు నలుగురు రెండు ప్రాంతాలను ఒకే రాష్ట్రంగా కలపడానికి పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలన్నది అందులో ఒక షరతు. నవంబరు 1న నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఉపముఖ్యమంత్రిని మాత్రం పెట్టుకోలేదు. ఆ పదవి చేతికి ఆరో వేలు వంటిదని తీసిపారేశారు. ఒప్పందంపై సంతకం చేసిన ఎనిమిది మందిలో ఆయనా ఒకరు. అంతకుముందు ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం, గోపాలరెడ్డి మంత్రివర్గాల్లో ఆయన చేసిన పదవీ అదే!

తెలంగాణ వారికి తగిలింది పదవి పోయిన దెబ్బ కాదు, కొత్త రాష్ట్రం పుట్టిన రోజునే మాట తప్పిన దెబ్బ. సమైక్యవాదులు దీన్ని చిన్న విషయంగా చూశారు. తర్వాత కొండా వెంకట రంగారెడ్డికి ఆ పదవి ఇచ్చినా గాయం మానలేదు. ముల్కీ (స్థానికులకు దక్కాల్సిన) ఉద్యోగాలు, తెలంగాణ మిగులు నిధులతో పాటు ఆరో వేలు మాట కూడా తెలంగాణ వేదికలపై దశాబ్దాల పాటు వినిపించింది. 2011లో దామోదర రాజనరసింహను ఉపముఖ్యమంత్రిని చేసే నాటికి ఆలస్యమైపోయింది.

2019లో జగన్ ఒకేసారి ఐదుగురిని నియమించారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, కాపు, మైనారిటీ వర్గాలకు ఒక్కొక్కటి. అందరికీ పంచిన ఆ పదవి ఎవరికీ బరువునివ్వలేదు. 2024 జూన్‌లో పవన్ కల్యాణ్ ఒక్కరికే దక్కడంతో దానికి మళ్ళీ బరువొచ్చింది. అది పొత్తులో రెండో పార్టీకి ఇచ్చిన మాట. రెండో ఉపముఖ్యమంత్రి అనగానే జనసేన ఉలిక్కిపడింది అందుకే.